దంతె గీసిన ఇసుక

తినన్నా. నా మీది కోపం ఆ కొర్రజావ మీద చూపిస్తే ఎట్లా? మెడకి ఇనప కడియం వేశారు గానీ చేతులు కట్టెయ్యలేదుగా. రెండు గుక్కలు తాగు.

కాపలావాణ్ణి ఎంత బతిమాలానో నీకేం తెలుసు! "ఆయన మా బురుజుకి పెద్ద అయ్యా, రేపు పొద్దున్నే జిల్లాకి బండెక్కిస్తారంట, ఒక్కసారి మొహం చూసిపోతా" అన్నాను. వాడు ఆకాశంకేసి చూసి, పొద్దువాలి డోలు కొట్టిందాకా ఉండు, ఆ తర్వాత తలుపేస్తానన్నాడు. డోలు కొట్టిందాకానంట! ఆ డోలే కదా నా ప్రాణం తీస్తున్నది.

అదేనన్నా, మూడు రోజుల గడువు. విచారణలో చట్టం చదివి వినిపించారుగా. సాక్ష్యం తప్పు చెప్పినోడు మూడు రోజుల్లో వచ్చి దిద్దుకుంటే సరే సరి. దిద్దుకోలేదా, చెప్పిందే ఖాయం. ఆ మాట మీదే ఎదుటోడికి శిక్ష. మొన్న పొద్దున నేను చెప్పాను. ఇవాళ మూడో పొద్దు. సాక్ష్యాలు రాసుకునే రాయసగాడి గది అదిగో, వాకిలికి అవతల. ముప్పై అడుగులు. తలుపు తీసే ఉంది.

అట్లా చూడకన్నా. ఏం దిద్దుకోవాలని అడుగుతావు, అంతేగా? చెప్తాను. చెప్పడానికేగా వచ్చింది! ముందు నా గోడు వెళ్ళబోసుకోనీ.

అసలు మనకేం పట్టిందన్నా ఈ రాజ్యం? చక్రవర్తి నల్లగా ఉంటాడో ఎర్రగా ఉంటాడో నువ్వూ చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు. ఆయనుండే ఛాంగాన్ నగరం ఎటువైపుందో చెప్పమంటే నేను నది వైపు చెయ్యి చూపిస్తాను. మనకి తెలిసిన రాజ్యమల్లా గోడ బయట ఆ ఇసుక పట్టీ. సాయంత్రం దంతె వేసి నున్నగా గియ్యాలి. తెల్లారగానే పోయి చూడాలి, ఎవడన్నా దాటాడా, మనిషా గుర్రమా, లోపలికా బయటికా. నాకు చదువు రాదు కాబట్టి నేను చూసొచ్చి నోటితో చెప్తాను, నువ్వు చెక్క మీద రాస్తావు. "మనిషి జాడ లేదు, గుర్రం జాడ లేదు." ఆ చెక్క ఈ ఠాణాకొస్తుంది, ఇక్కణ్ణించి జిల్లాకి, అక్కణ్ణించి ఎక్కడికో. అంత పెద్ద రాజ్యం నా కళ్ళ మీదా నీ రాత మీదా నిలబడిందంటే ఎవడన్నా నమ్ముతాడా?

మన జట్టు బియన్ ఏమనేవాడో గుర్తుందా? "మనం కునుకు తీస్తే అక్కడ రాజుగారి దుప్పటి జారిపోద్దిరోయ్" అని. వెధవ, ఎంత నవ్వించేవాడు! రెల్లు కోసే కొడవలి చేతిలో అట్లాగే పట్టుకుని పడున్నాడు. వేళ్ళు విప్పింది నేనే. ఒక్కొక్కటే విప్పాల్సొచ్చింది.

సరే, వినన్నా. ఆ పొద్దున ఇసుక మీద జాడ ఉంది. రెండు గుర్రాలు, లోపలికి. డెక్కల అంచులు ఇంకా రాలిపోలేదు.

కూచో, కూచో. లేచి ఏం చేస్తావు, ఆ గొలుసు ఎంత దూరం రానిస్తుంది? పూర్తిగా విను.

నా ఏడాది కొలువు ఇంక పన్నెండు రోజుల్లో తీరిపోతుంది. జాడ ఉందని చెప్తే ఏమవుద్దో నీకు తెలీదా? విచారణ తేలేదాకా ఎవణ్ణీ ఇంటికి పంపరు. పక్క బురుజు హువాన్‌ని అట్లాగే ఆపారు. రేపు మాపని రెండో చలికాలం కూడా ఇక్కడే వెళ్ళబుచ్చాడు. నా కూతురికి పదో నెల. అది నవ్వితే ఒకవైపే సొట్ట పడుద్దని ఉత్తరంలో రాయించింది మా ఆవిడ. చదివి వినిపించింది నువ్వే. నేను మళ్ళీ మళ్ళీ చదవమంటే విసుక్కోకుండా నాలుగుసార్లు చదివావు.

దంతె తీసుకుని గీసేశానన్నా. అంతే. రెండు గుర్రాలే కదా, దారి తప్పిన గొర్రెలకాపర్లేమో అనుకున్నాను. అనుకున్నానా? ఏమో. అనుకుంటే బాగుండని గీసుకుంటూ పోయాను. నీ దగ్గరికొచ్చి "ఏం లేదన్నా" అన్నాను. సిరా గడ్డకట్టిందని నువ్వు నోటి ఆవిరి ఊది ఊది కరిగించి రాశావు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

జాడ ఉందంటే నువ్వు ఆ రోజు ఎవణ్ణీ గుమ్మం దాటనిచ్చేవాడివి కాదు. బియన్ రెల్లుకి పోయేవాడు కాదు, ఆ గుర్రాలోళ్ళ చేతిలో చచ్చేవాడు కాదు. పోతుంటే నేనన్నా ఆపుండొచ్చు. "ఇవాళ చలిగా ఉంది, రేపు పోరా" అన్నా చాలు! అనలేదు. ఆపితే ఎందుకని మీరు అడుగుతారేమోనని.

తర్వాతిది నీకు తెలిసిందే. పక్క బురుజోళ్ళు నది ఒడ్డున డెక్కల జాడ పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ మన ఇసుక దాకా వచ్చారు. చూస్తే జాడ ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

నన్ను లోపలికి పిలిచి అడిగారు, చూశావా చూళ్ళేదా అని. చూళ్ళేదంటే పని ఎగ్గొట్టినట్టు. చూశానంటే ఎందుకు చెప్పలేదంటారు. ఆ అధికారి చేతిలో నీ రాత ఉన్న చెక్క ఉందన్నా. నా మాట గాల్లో కలిసిపోయింది, నీ రాత మాత్రం అక్కడుంది. చటుక్కున అనేశాను. "చూశానయ్యా. మా పెద్దకి చెప్పాను. గీసెయ్, లేనిపోని గొడవ అని ఆయనే అన్నాడు" అని.

అదన్నా నా సాక్ష్యం. తిట్టు. ఉమ్ము. ఆ గిన్నె తీసి మొహాన కొట్టు.

ఏంటి? తెలుసా? మొన్నే నీకు చదివి వినిపించారా?

మరి కాదనలేదేం? తల తీస్తారో, బోడిగుండు కొట్టించి గోడ కట్టే చాకిరీకి పంపుతారో తెలియని మనిషివి, ఒక్క మాట కాదనకుండా ఎట్లా ఊరుకున్నావు? నా బిడ్డని తలుచుకునా? నేను ఇల్లు చేరాలనా? అన్నా, నువ్వు నాకు ఏ జన్మలో తోడబుట్టినవాడివో...

కాదా?

ఏమన్నావు? మళ్ళీ చెప్పు. జాయ్, రెన్, హో. మన బురుజులో మిగిలిన ముగ్గురూ.

ఓహో. నీ కింది ఐదుగురి జట్టులో ఒకడు దాస్తే మిగతావాళ్ళూ దాచినట్టే కదూ. తప్పు నాదని తేలితే ఆ ముగ్గురి మెడలకీ ఇదే కడియం. పెద్ద రాసిన తప్పు పెద్దతో పోతుంది. అందుకా నోరు మూసుకున్నావు? నా కోసం కాదన్నమాట. నా మొహం చూడ్డానికి కూడా నీకు అసహ్యంగా ఉంది. ఉండదు మరి?

అయితే ఇంకేం! నేనిప్పుడు ఆ గదికి పోయి నిజం చెప్తే ముగ్గురి గొంతు కోసినట్టేగా! ఊరుకోవడమే ధర్మం! నువ్వూ అదేగా అంటున్నావు?

ఛీ. ఎంత తొందరగా దొరికిందో చూడు నాకు సాకు. ఈ ముగ్గురి సంగతి నువ్వు చెప్పిందాకా నాకు తట్టనే లేదు. మరి మూడు రోజులు ఎవరి కోసం ఆగానట? మొన్న ఆ తలుపు దాకా పోయి చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కుని వచ్చాను. నిన్న రెండుసార్లు పోయాను. ఇవాళ అటు నడుద్దామని బయల్దేరి ఇటొచ్చాను. నీ దగ్గర కూచుని మాట్లాడుతూ ఉంటే పొద్దు దానంతటదే వాలిపోద్దని వచ్చానన్నా. నీకు చెప్పుకోడానికి కాదు.

అదిగో, కొట్టారు. డోలు.

విన్నావుగా. ఇంక దిద్దడానికి లేదు. నీ తల దగ్గర ఏడవాలి నేనిప్పుడు. ఏడుపు రావట్లేదన్నా. ఆ మొదటి దెబ్బ వినగానే నా లోపల ఏమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది.

ఆఁ ఆఁ, అయిపోయిందయ్యా. వస్తున్నా, తలుపేసుకో.