నాలుగు కాటాల మీద కారు

ఏంట్రా, కింద గుర్రుమంటోంది నీ కారేనా? సైలెన్సరు పీకించేశావన్నమాట! కూర్చో కూర్చో, తిట్టనులే. ఆ మోత వినగానే మా వదిన గుర్తొచ్చింది. మా అన్నయ్య భార్య. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఇనప సామాన్ల గోడౌనులో కాటా దగ్గర పని ఆవిడది. సరుకు తూచడం, చీటీ రాయడం, పొద్దస్తమానం అదే. మనిషి పిట్టంత. రేకు ముక్క చేత్తో పట్టుకుని "మూడుంపావు" అందంటే కాటా కూడా మూడుంపావే చూపించేది! అన్నయ్యకేమో కార్ల షెడ్డు. పొగగొట్టాలు అతకడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఊరంతా గొట్టం మేస్త్రి అనేవాళ్లు. బాగుచేసిన కారునల్లా కొండ రోడ్డు మీద తోలి చూసొచ్చేది మాత్రం వదినే. ఆ రోడ్డు మీదే ఏడాదికోసారి రేసు. పదకొండు మలుపులు, ఒక్కో కారూ విడిగా ఎక్కాలి, టైము చూస్తారు. ఒక ఏడు అన్నయ్య మూడో మలుపులో గోడకి కొట్టి భుజం విరగ్గొట్టుకున్నాడు. మా అమ్మ ఊరుకుంటుందా? "ఒరేయ్, ఇంకోసారి గోడ జోలికెళ్లావో, తాళాలు నూతిలో పారేస్తా!" అంది. అన్నంత పనీ చేసే మనిషి.

మరుసటేడు మనవాడు ఏం చేశాడో తెలుసా? వెనక సైలెన్సరు మొత్తం కోసేసి, నా మోచెయ్యంత లావు గొట్టం బిగించాడు. స్టార్టు చేస్తే షెడ్డు రేకులు గడగడలాడాయి! "పద్దెనిమిది కిలోలు తగ్గించాను, ఇంక ఎగరడమే" అని మీసం దువ్వుకున్నాడు. వదిన క్యారేజీ బల్ల మీద పెట్టి, కాసేపు విని, మెల్లగా అంది కదా, "మోత పెరిగిందండీ, ఊపు తగ్గింది. అంత వెడల్పు గొట్టంలో పొగ షికారుకి పోతున్నట్టు పోతోంది. అయినా బరువు తోక నుంచి తీశారేంటి? అసలే ముక్కు బరువు కారు. పోయినేడు స్టీరింగు తిప్పినా తిన్నగా గోడకెందుకెళ్లిందనుకున్నారు?" ఇంకేముంది! "చీటీలు రాసుకునేదానివి, నాకు కారు నేర్పుతావా!" అని మూడ్రోజులు మాట్లాడలేదు మహానుభావుడు.

వదిన ఏమన్నా తక్కువ తిందా? ఆదివారం గోడౌను ఓనరునడిగి నాలుగు కాటాలు తెప్పించింది. చక్రానికొకటి. కారుని వాటి మీదకి ఎక్కించేసరికి నా నడుం పడిపోయింది, ఆ నొప్పికి మీ అత్తయ్య వారం రోజులు కాపడం పెట్టింది... ఆఁ, ఏం చెప్తున్నాను? సీట్లో డ్రైవరుంటేనే లెక్కట. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడాయె, తనే ఎక్కి కూర్చుంది. నేను కాటాలు చదివాను. వందలో యాభైతొమ్మిది వంతులు ముందు చక్రాల మీదే! బ్యాటరీ తీయించి డిక్కీలో ఎడమ మూలకి మార్పించింది, ముందు బంపరు పీకించింది, సీటు వెనక్కి జరిపించింది. యాభైఐదుకి దించి, కుడీ ఎడమా సమానం చేసిందాకా నన్ను వదల్లేదు. మర్నాడు వెళ్లి చూద్దుం కదా, లావు గొట్టం మూలన పడుంది, దాని చోట సన్నగొట్టం, వెంట్రుక పట్టని అతుకు. అది అన్నయ్య చేతి పనే.

రేసు రోజు ఒక్కో కారుకి రెండు ఛాన్సులు. మొదటిసారి అన్నయ్య తోలితే నాలుగు నిమిషాల పంతొమ్మిది సెకన్లు, పాత టైమే. దిగి, "కుడి మలుపులు బ్రహ్మాండం, ఎడమకి తిప్పితే వెనక జారుతోంది" అన్నాడు. ఉన్నట్టుండి వదినవైపు తిరిగాడు. "ఆవేళ సీట్లో ఎవరు కూర్చున్నారే?" వదిన నాలిక్కరుచుకుంది. "నేనేనండీ." ఈయన తొంభై కిలోలు, ఆవిడ యాభై! నేను తలొంచుకున్నాను, ఇక్కడే కొట్టుకుంటార్రా బాబూ అని. అన్నయ్య పగలబడి నవ్వాడ్రా! "నీ కొలతకి కుట్టిన రవిక నాకెలా పడుతుందే? ఎక్కు!" అని హెల్మెట్టు ఆవిడ తలకి పెట్టాడు. వదులైతే లోపల తువ్వాలు కుక్కాడు. "అత్తయ్యగారు చంపేస్తారండీ." "గోడకి కొడితే కదా!"

కింద నుంచి మాకేం కనబడదు, చప్పుడొక్కటే. అన్నయ్య కళ్లు మూసుకుని, "ఒకటి... రెండు... గేరు దించింది... ఇదిగో మూడు..." మోత ఆగిపోయింది! నా చెయ్యి పట్టుకున్నాడు చూడూ, గోళ్లు దిగబడ్డాయి. అంతలో ఖయ్యిమని మళ్లీ అందుకుంది. "దాటింది! ఒరేయ్, దాటిందిరా!" అని గెంతులు! నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. "తోలిందెవరు?" అని మైకులో అడిగితే, "మా ఆవిడ!" అని అన్నయ్య అరిచిన అరుపు కొండంతా వినబడింది. ఆవిడ కిందికొచ్చాక హెల్మెట్టు పట్టీ ఆయనే విప్పాడు. విప్పగానే ఆవిడన్న మొదటి మాట, "గొట్టం ఇంకో పావంగుళం సన్నం చేస్తే ఇంకా తగ్గుతుందండీ."

ఆ తర్వాత ఆరేళ్లు ఆవిడే తోలింది. ఆవిడ పోయాక కూడా రేసు రోజున అన్నయ్య కొండ కిందికెళ్లి కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఎవరెవరివో కార్లు కొండెక్కుతుంటే ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు. మూడు దగ్గర నా చెయ్యి పట్టుకునేవాడు...

ఊఁ. ఆ ఫ్యాను కాస్త తగ్గించరా.