తిప్పక్క వారం పిండి

తిప్పక్క అని ఒకామె ఉండేదంట, విసుర్రాళ్ళకి గంట్లు కొట్టే ఆమె. రాయి నున్నగైపోతే గింజ నలగదు గదా, దాన్ని మళ్ళా గరుకు చేసేదానికి ఉలీ సుత్తీ పట్టుకోని "రాళ్ళకి గంట్లు కొడతామమ్మో" అని ఆమె వీధిలోకొస్తే ఏదో ఒక ఇంట్లో పిలిచి పని చెప్పేవాళ్ళంట. ఇట్ల ఉండంగా ఏమైందంటే, ఆ సీమనేలే పాళెగాడు యాడికో పొయ్యి ఏందో చూసొచ్చి, ఏటి కాలవ మీద నీళ్ళతో తిరిగే పిండిమర పెట్టించినాడు. ఇంగ ఇంట్లో విసిరేదెవరు? ఆడోళ్ళంతా గంప నెత్తిన పెట్టుకోని మర కాడికే. నువ్వైనా అంతే లే పెద్దమ్మా, నన్ను అట్ల చూడాకు. విసుర్రాళ్ళు మూలన పడినాయి, వాటి మీద పిల్లులు ఎక్కి పండుకున్యాయి, గంట్లు కొట్టేటోళ్ళందరికీ పని పాయె.

పాళెగాడు మంచోడే అనుకో. మంచోడు కాబట్టే ఇంత కత అయ్యింది. "మర పెట్టి వాళ్ళ నోటికాడ కూడు నేనే తీస్తి, పని పోయినోళ్ళకి వారం వారం మర నుంచి జొన్నపిండి ఇయ్యండి" అని చెప్పి, పుణ్యం చేసినానని కులుకుతా వేటకి పొయ్యినాడంట. ఇప్పించే పెత్తనం కరణం ఎంకోబరావుది. ఆ మహానుభావుడు ఏం చేసినాడంటే, ప్రతి సంతరోజూ చావిడి కాడ వరసలో నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పి, వేలిముద్ర ఏసి పోవాల అన్నాడు. ఈ వారం పని చేసినావా? లేదు సామీ. పని ఎతికినావా? ఎతికినా సామీ. దొరికింటే చేసుండేదానివా? చేసుండేదాన్ని సామీ. మరి పిండి? వస్తాది పో. పైగా ఇంకో కట్టుబాటు: రావల్సిన పిండి చేతికందకముందే ఎవురైనా సుత్తి పట్టినారా, పాతబాకీ పిండంతా పోయినట్లే. పనుండేటోళ్ళకి పనిలేనోళ్ళ పిండి ఎందుకని. పాళెగాడు వేటకి బయలుదేరేటప్పుడే ఆ కట్టుకి ఆయన చేత ముద్ర గూడా ఏయించినాడంట, ఆ తొందరలో ఆయన చదివినాడో లేదో.

మొదట్లో పిండి వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పకూడదు. ఆ తర్వాత వారం వారానికీ ఆలస్యమై, నిలిచే పాయె. తిప్పక్క కూతురు సుంకమ్మ అప్పుడే బిడ్డను కనింది. బాలింతకి రెండు రొట్టెలు పెట్టేదానికి లేక గంజినీళ్ళు పోస్తాంటే, పాలు చాలక ఆ పసిబిడ్డ ఒకటే ఏడుపంట. తిప్పక్క చావిడికి పొయ్యి "సామీ, పిండి ఎప్పుడొస్తాది" అంటే, "చూస్తాండామమ్మే" అన్నాడు కరణం. "చూస్తాండామంటే ఏంది సామీ?" "చూస్తాండామంటే చూస్తాండామనే." "యాడ చూస్తాండారో చెప్తే నేనూ వచ్చి చూస్తా గదా." కరణానికి కోపమొచ్చి, ఇట్ల మధ్యలో అడిగినోళ్ళు వరస చివర నిలబడాల అన్నాడంట. అంటే ఆమె పొయ్యి చివర నిలబడి, ఎండకి ఉడికి, మళ్ళా ముందుకొచ్చి, అదే మాట అడిగి, అదే జవాబు ఇనింది. ఒరే బజారీ, నువ్వు నవ్వాకు, నువ్వు చెప్పుల బేరానికి పోతే గూడా ఇట్లనే చేస్తావు.

ఇట్ల కాదని ఆమె నేరుగా మర కాడికే పొయ్యింది. పోతే ఏముంది, మర నిలిచిపొయ్యి ఉంది. మర నడిపే దస్తగిరి గుమ్మంలో కూర్చోని ఈగలు తోలుకుంటాండాడు. "ఏమప్పా దస్తగిరీ, పిండి ఏమాయ?" అంటే, "యాడి పిండి అక్కా, రాళ్ళు అద్దం మాదిరి నున్నగైపాయె. గింజ పోస్తే గింజే వస్తాండాది. గంట్లు కొట్టేటోళ్ళని పంపించు సామీ అని కరణానికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఎవురూ ఖాళీగా లేరంట." "ఖాళీగా లేరా?" "అందరూ సంతరోజు చావిడి కాడ వరసలో ఉండారంట." పని లేదని పిండికి నిలబడినోళ్ళు పని చేయకూడదు, వాళ్ళు పని చేయకపోతే పిండి రాదు. చూసినారా, ఎంత చదువుకున్యోడైతే ఇంత చక్కగా ముడి ఏస్తాడు!

అంతలో పాళెగాడు వేట నుంచి తిరిగొస్తాండాడని కబురొచ్చింది. తన పళ్ళెంలోకి గూడా రొట్టెల్లేవని తెలిస్తే ఆయన అడిగేది కరణాన్నే గదా. ఎంకోబరావు పంచె ఎగ్గట్టుకోని తిప్పక్క ఇంటికి పరుగో పరుగు. "ఏమ్మే తిప్పక్కా, ఆ రాళ్ళకి గంట్లు కొట్టి పుణ్యం కట్టుకో." "కొడితే నా పాతబాకీ పోతాది గదా సామీ, మీరు పెట్టిన కట్టే." "ఈ ఒక్కసారికి నేను చూడనట్లుంటాలే." "వద్దులే సామీ. ఇన్నాళ్ళూ చూస్తాండామంటిరి, ఇప్పుడు నా కోసం కండ్లు మూసుకుంటారా. ముద్ర ఏసినాయన వచ్చి కట్టు తీసేస్తే కొడతా." "ఆయన వచ్చేలోపల రొట్టెలు ఉండాల గదమ్మే!" ఇంకొకరిని అడుగుదామంటే అందరూ వరసలోనోళ్ళే, అందరిదీ అదే కట్టు. లోపల పసిబిడ్డ ఏడుస్తానే ఉంది. అప్పుడు తిప్పక్క, "పనుండేటోళ్ళు చేస్తే తప్పులేదు గదా సామీ. ఊర్లో మీకు ఉద్యోగముంది, దస్తగిరికి ఉద్యోగముంది. సుత్తి మీరు పట్టండి. నేను నోటితో చెప్తా. చెప్పేది పనైతే, ఇన్నాళ్ళూ నాకు మీరు చెప్పిందంతా ఏమనుకోవాల?" అనింది.

ఇంగేం చేస్తాడు. దస్తగిరి రాయి దించి పట్టుకునె, కరణం ఉలి ఆనించె, తిప్పక్క చేతులు కట్టుకోని గట్టు మీద కూర్చునె. "ఆడ కాదు సామీ, పక్కన. అంత మెల్లగా కాదు, రాయికి నొప్పేం పుట్టదు. అయ్యో, వేలు కాదు సామీ, ఉలి మీద." తెల్లార్నుంచి పొద్దుగూకేదాక ఆయన కొడతానే ఉన్యాడు, ఊరంతా మరకి ఏదో పనుండేటట్టు వచ్చి చూస్తానే ఉన్యారు. కాలవ గేటు ఎత్తంగానే మర తిరిగింది, పిండి మంచు మాదిరి రాలింది. పాళెగాడు వచ్చినాక ఎవురూ మొర పెట్టుకోకూడదని కరణం అక్కడికక్కడే అందరి బాకీ కొలిచి ఇచ్చేసినాడు, తిప్పక్కది మొదట. ఆ రాత్రి సుంకమ్మ కడుపునిండా రొట్టెలు తినింది, బిడ్డ నిద్రపొయ్యింది.

పాళెగాడు వచ్చి రొట్టెలు తిని, ఏమీ అడగలేదంట. అయితే మళ్ళా సంతరోజు వచ్చింది గదా. అందరూ వరసలో నిలబడినారు. ఎంకోబరావు రెండు చేతులకీ పసుపుగుడ్డలు కట్టుకోని వచ్చి, బొబ్బలెక్కినాయి, కలం పట్టేదానికి కాదు, ఈ వారం ఎవురికీ రాసేది లేదు, రాయంది ఇచ్చేది లేదు, పొండి అన్నాడంట. వరసలో ఒక్కరు గూడా నవ్వలేదంట. నవ్వితే అది పని కింద లెక్కేస్తాడేమోనని భయం. నన్నడిగితే, ఆపొద్దు ఆ నవ్వు ఆపుకునేదానికి వాళ్ళు పడిన కష్టం చూసి ఒక్కొక్కరికీ కూలి ఇయ్యాల్సింది.