డప్పు మెత్తబడ్డదట!

శుక్రవారం మధ్యాహ్నం, ఒమన్‌లోని బర్కా లేబర్ క్యాంపు. పల్లెపాటల బృందం పాడుతున్న క్రిస్మస్ ఆల్బమ్‌కు ఆఖరి పాట మిగిలింది. పాడేవాడూ డప్పు కొట్టేవాడూ తప్ప అందరూ విసిగి భోజనానికి వెళ్లారు.

“అన్నా, డప్పు మెత్తబడ్డది. మళ్ల మంట మీద కాపు.”

“నాలుగోసారి తమ్మీ! ఇంక కాపితే ఇది డప్పు గాదు, అప్పడమైతది.”

“ఏసీ బందు పెట్టు, సప్పుడొస్తున్నది.”

“పొద్దటి సంది బందే ఉన్నది.”

“అయితే ఆ ఫ్రిజ్...”

“తప్పు డప్పుది గాదు, నీ గొంతుది. తొమ్మిది పాటలు ఒక్క ఊపుల పాడినవ్. ఇదెందుకు వస్తలేదు?”

“ఈ పాట ముందు అమ్మకు రెండు మాటలు చెప్పాలె గదా.”

“‘అమ్మా, హ్యాపీ క్రిస్మస్’ అనుడే గదరా!”

“నేనొస్తున్ననే అనుకుంటున్నదన్నా. చర్చిల తన పక్కన జాగ ఆపి పెడ్తదట.”

“లీవ్ క్యాన్సిలై నెలాయె! ఇంకా చెప్పలేదా?”

“ఫోన్ల నోరు రాలే. పాటల చెప్దామనుకున్న.”

“అంటే ఊరికి క్రిస్మస్, ఆమెకు క్రిస్-మిస్సు! పొద్దుగూకేసరికి ఊరికి పాట పంపాలె. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”

“నేనే చెప్త. ఫోన్ల రికార్డు నొక్కు.”

“నొక్కిన.”

“అమ్మా... ఈ పండుగకు నేను రాను. కంపెనీ పంపుతలేదు. నా జాగల సిన్నమ్మను కూసోబెట్టుకో.”

“అయిపోయిందా తమ్మీ?”

“కొట్టన్నా డప్పు!”

“మెత్తగున్నదంటివి?”

“ఎట్లున్నా కొట్టు. నువ్వు ఆగితే నేను ఏడుస్త.”