గణపతిరావుకి నేనెంచిన హెలికాప్టరు

ఏటి బాబూ, రిమోటు హెలికాప్టరా? మొట్టమొదటిది ఏది కొనాలో నన్నడుగుతన్నావా? అడక్కు. ఒకసారి ఒకడికి సెప్పేను, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది. సరే, కూకో. మన చోడవరం బస్టాండు దగ్గర గణపతిరావని రేడియోలు బాగుచేసేవాడు. నువ్వెరగవు, నువ్వు పుట్టకముందే కామెర్లొచ్చి పోయేడు. ఆడికి ఒకటే పిచ్చి. ఏదో ఒక యంత్రం, తన చేత్తో, ఒక్కసారి నేల మీంచి గాల్లోకి లేపాల. డెబ్బై అయిదులో ఆడి బావ, ఓడ మీద పనిచేసేవాడు, జర్మనీ నించి రిమోటు హెలికాప్టర్ల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి, ఇందులో ఒకటి చూపించు, వచ్చే ట్రిప్పులో తెస్తాను, ఆ తరవాత మా ఓడ అటెళ్లదు అన్నాడట. ఆ పుస్తకం పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చేడు. నా దగ్గరికెందుకంటావేటి? దేవరాపల్లి వైపు ఎవరు ఎడ్లు కొన్నా నన్నే తీసికెళ్లేవారు మరి. పళ్లు సూసి వయసు, నడక సూసి గుణం సెప్పేసీవోణ్ణి. హెలికాప్టరంటే వరదలప్పుడు ఒకసారి తలెత్తి సూసేను, అంతే. అయినా అడిగినోడికి తెలీదని సెప్పడం నా జాతకంలో లేదు.

పుస్తకంలో రెండున్నాయి. ఒకటి చిన్నది, బక్కది. కొత్తగా నేర్చుకునేవాళ్లకని రాసుందట, దాని రిమోటుకి తిప్పడానికి ఒకటే పుల్ల. రెండోది ఎర్రటిది, పెద్దది, రెండు పుల్లలు. గణపతిరావు చిన్నదాని మీదే వేలెట్టేడు. నేను ఆ వేలు తీసి ఎర్రదాని మీదెట్టి, "ఒరే, దూడని కొని దుక్కి దున్నుతావేట్రా? దీని మెడ సూడు, తోక సూడు" అన్నాను. ఆడు కాసేపు నా మొహంలోకి సూసి, నీ మాటే కానీ మావా అన్నాడు.

పెట్టె వచ్చింది, ఇప్పేం. రెండు పుల్లలు, రెండు బొటనవేళ్లతో తొయ్యాల. ఆడికి ఎడం చేతికి బొటనవేలు లేదు బాబూ, చిన్నప్పుడే చెరుకు గానుగలో పోయింది. సూసేవా, నీకూ సెప్పడం మర్సిపోయేను. రోజూ ఆ చేత్తోనే నాకు టీ గ్లాసు అందించేవాడు, నాకు గుర్తే లేదు. ఆడే, ఎడం పుల్ల నువ్వట్టుకో మావా, కుడిది నేను తిప్పుతాను అన్నాడు.

చెరుకు నరికేసిన మడిలోకెళ్లేం. రిమోటొకటి, మగాళ్లిద్దరం, భుజాలు రాసుకుంటా నిలబడ్డాం. దాని ఇంజనులో స్పిరిట్లో కలిపిన ఆముదం పోసేడు. చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి పట్టించింది గుర్తొచ్చి నేనూ ముక్కు మూసుకున్నాను. ఆడు మెల్లగా, మెల్లగా అంటన్నాడు. నాకేమో ఎద్దుని అదిలించడమే తెలుసు. తోసేను. తాడిచెట్టంత ఎత్తు లేచిపోయింది. గాల్లోకి లేపే పుల్ల ఎడందేనని అప్పుడు తెలిసింది నాకు. ఆడు జన్మంతా కోరుకున్నది నా చేత్తో అయిపోయింది. బెదిరిపోయి వేలు తీసేసేను. గట్టు మీద పడి ముక్కలైపోయింది.

ఆడు తువ్వాల్లోకి ముక్కలు ఏరుకుంటన్నాడు. సిగ్గేస్తే నాకు ఎదటోడి మీద కోపమొస్తది. పుస్తకం సూసినప్పుడే నీ వేలు సంగతి సెప్పి సావచ్చు కదరా అన్నాను. ఆడు ముక్కలేరుకుంటానే అన్నాడు,

"ఊళ్లో అందరికీ ముందు నా చెయ్యే కనిపిస్తది మావా. నువ్వొక్కడివే మర్సిపోయేవు. గుర్తుసెయ్యాలనిపించలేదు."

...

ఎండ గుమ్మంలోకొచ్చేసింది. ఆ కుర్చీ లోపలికి లాగు బాబూ.