పేర్లు లేని లెక్కల క్లాసు

నేనేం పెద్ద పని జెయ్యలేదప్పా, పద్నాలుగు మందికి ఫోన్లో టెన్త్ లెక్కలు చెప్పినా, అంతే. ఆ ఎలక్షన్ల ఏడు, తొండూరు దిక్కు రెండూర్లు, పేర్లెందుకులే. ఈ పార్టీ పిల్లోళ్ళు ఏడుగురు, ఆ పార్టీ పిల్లోళ్ళు ఏడుగురు, అందరూ లెక్కల్లో తప్పినోళ్ళే. ఇదిగో, ఈ బెంచీ మీదుండే మునెమ్మ కూడా. ఈసారి తప్పితే గొర్రెల వెంట పోవాల్సిందేనని వాళ్ళమ్మ చెప్పేసింది.

వాట్సాప్ గ్రూపు పెడితే మూడు దినాలు ఒక్కరూ నోరు తెరవల్యా. ఎదురుపార్టీ వింటాది గదా. అప్పుడు నేనేం జేసినానో తెల్సా? పేర్లు, ఊర్లు తీసేసి నంబర్లిచ్చినా. వాయిస్ మెసేజ్ నాకు పంపాల, నేను నంబరేసి గ్రూపులో పెడతా. బేసి నంబర్లు ఈ పార్టీ, సరి నంబర్లు ఆ పార్టీ. బేసి అడిగితే సరి చెప్పాల, సరి అడిగితే బేసి చెప్పాల.

"ఎవరెవరో తెలీలేదా?" అన్నాడు టీ కాస్తాండే కమాల్ బాషా.

దేవునిక్కూడా తెలీలేదు మామా. వారానికి ఎనభై డౌట్లు. ఆ తర్వాత ఏమైందో తెల్సా? వాళ్ళ అమ్మానాయన్లు చేరిరి, పద్నాలుగు నలభై రెండాయె. పులివెందుల, ప్రొద్దుటూరు కలిసి నాలుగువేల రెండొందలు. ముద్దనూరు థర్మల్ స్టేషన్ కరెంటంతా మా ఫోన్ల ఛార్జింగుకే సరిపోయె. రెండు పార్టీల పెద్దాయన్లు సుమోలు ఎదురెదురుగా నిలిపితే జనం తలుపులేసుకున్యారు. దిగి చూస్తే ఏంది, ఇద్దరూ రోడ్డు మీద త్రిభుజాలు గీస్తాండారు. పోలింగు నాడు బూత్‌లల్లో ఒక్క మనిషి లేడు. కలెక్టరే నాకు ఫోన్ జేసి, దేవపాలూ, ఒక్క గంట క్లాసు ఆపితే ఓట్లేయించుకుంటామని బతిమాలినాడు.

ఆ దినాలు మళ్ళీ యాడొస్తాయప్పా. పొద్దున్నే ఫోన్ తెరిస్తే పద్నాలుగు గొంతులు. ఎవరికెవరో తెలీకుండా కలిపినా నేను. ఇప్పుడు టైలరింగు నేర్పేదానికి కూడా అట్లే గ్రూపు పెడతాండా.

మునెమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, మొదటి మెసేజ్‌కే తెల్సు నాకు. లెక్క చెప్పింది ఆ పార్టీ పిల్లోడు, చిన్నన్న. వాళ్ళ చిన్నాయన కొట్టిన దెబ్బకే మా నాయన ఇప్పటికీ కుంటుతాండాడు. ఆ ఇంటి గొంతు తెలీదా?"

తెలిసీ చెప్పలేదేమని అడిగినా.

"చెప్తే నువ్వు ఆయప్పను మారుస్తావని చెప్పల్యా. నాకు పాసు గావాల," అనింది. "ఆయప్పకీ నా గొంతు తెల్సులే. ఒకే లెక్క మూడుసార్లు అడిగినా. మూడుసార్లూ చెప్పినాడు."