డిస్కులో ఉన్నదంతా

చీమకుర్తి క్వారీ రోడ్డులో అర్ఫా నడిపే కంప్యూటర్ షాపు. డిస్కిచ్చి వెళ్ళిన ఏసోబు మళ్ళీ లోపలికొచ్చి షట్టరు సగం దించాడు. సమ్మెట కౌంటరు మీద పెట్టాడు.

“ఆడట్లేదని ఇంకోసారి అన్నావంటే తల పగుల్తది, అమ్మాయ్. క్వారీ ఓనరింట్లో టీవీ మీద ఆడింది. నీ దగ్గర ఎందుకు ఆడదు?”

“అది బ్లూ-రే డిస్కు, ఏసోబన్నా. దానికి డ్రైవు వేరే కావాలి, పెట్టాను. ఇప్పుడేమో ఇందులో ఉన్న ప్లేయరు, ముందు నన్ను కొను, తర్వాత చూపిస్తానంటోంది.”

“కొను. నేనిస్తా.”

“ఎందుకు కొనాలి? డిస్కు మనది, డ్రైవు మనది. చూసుకోడానికి మళ్ళీ వాడి కాళ్ళు పట్టుకోవాలా? వీఎల్‌సీ అని ఇంకో ప్లేయరుంది, ఫ్రీ. ముందా సమ్మెట కింద పెట్టన్నా.”

“పెట్టను. మా తమ్ముడు రూబేను రాయి కింద నుజ్జయిపోయాడు. క్రేను లీవరు దగ్గర పీరుగాడు, ఆ వెంటనే రాయి పడింది. టీవీలో నా కళ్ళతో చూశా. ఆ ముక్క నా ఫోన్లో ఎక్కించు. పీరుగాడి అమ్మ జానీబీకి చూపించాలి, కొడుకు చేసిన ఘనకార్యం.”

“పీరు ఎక్కడున్నాడు?”

“జీపులో. కట్టిపడేశా.”

“ఈ బయట జీపులోనా? కొట్టావా?”

“కొట్టక ముద్దులు పెట్టుకుంటానా?”

“గుక్కెడు నీళ్ళన్నా ఇచ్చొస్తా—”

“కూర్చో! కదిలావంటే... నీ పని చూడు.”

“సరే, సరే. మెనూ దగ్గర ఆగిపోయింది. మెనూకి జావా అని ఇంకో సాఫ్ట్‌వేరు కావాలంట. వద్దులే, మెనూ లేకుండానే తెరుస్తా.”

“ఏందది? ఏం తీసేస్తన్నావ్?”

“ఏం తీయట్లా. డిస్కులో వీడియోలన్నీ ఈ ఫోల్డర్లో ఉంటాయ్. ఓనరు టీవీలో నీకెన్ని చూపించాడు?”

“ఒకటే. కొత్త క్రేనుకి పూజ, కొబ్బరికాయ, రాయి పడటం.”

“ఇక్కడ రెండున్నాయ్.”

“ఫ్రీగా వచ్చినదాంట్లో చెత్త ఉంటదిలే.”

“చెత్త కాదన్నా. పూజ వీడియో తీసినోడు ముక్కలు కొయ్యకముందున్న పూర్తి వీడియో కూడా డిస్కులోనే వదిలేశాడు. మెనూలో పెట్టలా, అంతే. మెనూలో ఉన్నదే టీవీ చూపించుద్ది. ఈ ప్లేయరు ఉన్నదంతా చూపించుద్ది.”

“...పెట్టు.”

“హారతి... అదిగో రూబేను, రాయి కింద గొలుసు సర్దుతున్నాడు. పీరు ఏదో అరుస్తున్నాడు. సౌండు పెంచుతా.”

“‘క్రేను రోప్ పోగులు లేచినాయ్ సార్, తెగుద్ది. కింద రూబేనున్నాడు, నేను లేపను.’ వాడి గొంతే. వాడిదే.”

“ఓనరు పీరు చెంప పగలగొట్టాడు, చూడు! జుట్టు పట్టి పీరుని కింద పడేశాడు.”

“ఆపు.”

“లీవరు ఓనరే గుంజాడన్నా—”

“ఆపమన్నానా!”

“అయ్యో! స్క్రీను పగలగొట్టావేంది! పోతే పోయిందిలే, తెరిచినప్పుడే కాపీ పెట్టా, వీడియో నీ ఫోన్లోకి ఎక్కేసింది. దీన్ని ఊరంతా చూడాలి. ఓనరు గేటు ముందే తెరకట్టి ఆడిద్దాం. ముందు పోయి పీరు కట్లు విప్పన్నా, ఒంగోలు ఆస్పత్రికి తీసుకుపోదాం. నిలబడ్డావేంది? కదులు!”

“జీపులో ఉన్నాడన్నాను తల్లీ... ఊపిరితో ఉన్నాడని అన్లా.”