ఎర్రగడ్డలకు కమరోన్

కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఓ బంగళా వంటింటి గుమ్మంలో డ్రైవరు టీ కోసం నిలబడ్డాడు. లోపల పనిమనిషికి నవ్వు ఆగడం లేదు. ఇంటి యజమానురాలిని వాళ్లిద్దరూ మామా అంటారు.

“ఏందక్కా, మామా పొగిడిందా?”

“మామా కాదబ్బీ, సారు పొగిడినాడు! పాపకు స్పానిష్ చెప్పే సారు భోజనానికొచ్చినాడు గదా. మా స్పానిష్ పాటల్లో ఎవురివి ఇంటావని సారు అడిగితే పాప బిక్కమొగమేసింది.”

“రోజూ ఇల్లదిరేట్టు పెడతాదే!”

“పెడతాది. ఎవురు పాడేదని ఆ మాట్లాడే పాటల డబ్బాను అడిగేది నేనొక్కదాన్నే. అన్నం గిన్నె పట్టుకోని అరబ్బీలో నేనే చెప్పేసినా. ఇల్లు తుడిచేటప్పుడు రోసాలియా పాట, కాళ్లు వాటంతటవే ఆడతాయి. ఇస్త్రీకి పాకో దె లుసియా గిటారు, చెయ్యి తొందరపడదు. ఎర్రగడ్డలు తరిగేటప్పుడు కమరోన్ పాట. కండ్లనీళ్లు ఎట్లాగూ తప్పవు, ఆ గొంతు ఇంటా కారిస్తే మేలు.”

“మామా ముందరే?”

“మామా ముందరే! సారు లేసి నిలబడినాడబ్బీ. కొత్తగా స్పానిష్ నేర్చుకునే పిల్లోళ్లకు ఈ పాటలు ఇట్లనే చెప్తానని పుస్తకంలో వరసగా రాసుకున్నాడు.”

“అంతేనా?”

ఆమె గ్లాసు అతని చేతిలో పెట్టింది. నవ్వు ఆగింది గానీ, తల మాత్రం దించలేదు.

“చెప్పినోళ్ల పేరు కింద రాయాలన్నాడు సారు. కువైట్‌కొచ్చి పదేండ్లాయె, ఈడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద తప్ప నా పేరు ఎవురూ యాడా రాయలేదు. ‘కళావతి, కడప’ అని రాసేదాకా ఆన్నుంచి కదల్లేదు నేను.”